రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు ఆగాలి, తిరక్కపోతే ఎక్కడ చూడాలి

ఎండలు ముదిరాయంటే మన బెజవాడ గుంటూరు వైపు కారున్నోళ్ళు అడిగే డౌట్లు రెండే. ఒకటి, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతానే ఉంది ఏమన్నా ప్రాబ్లమా అని. రెండోది, ఫ్యాన్ అసలు తిరగట్లా, బండి హీటెక్కిపోతంది అని. మొదటిదానికి మే నెలలో అయితే చాలావరకు జవాబు ఏం కాదు బాబాయ్ పడుకో అనే. రెండోది మాత్రం ఆ రోజే చూపించుకోవాలి, రేపు ఎల్లుండి అని తిరిగితే హెడ్ గాస్కెట్ (ఇంజన్‌కీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయి, హెడ్ దింపి ఫేసింగ్ కొట్టించేదాకా (వంకర పోయేటట్టు చదును చేయించేదాకా) పోయిద్ది, అప్పుడు ఫ్యాన్ మోటార్ ఖరీదు గుర్తుకొచ్చి ఏడుపొచ్చిద్ది.

ఈ రెండింటికీ మధ్య మనోళ్ళు ఎక్కువగా చేయించేది ఒకటుంది, "డైరెక్ట్". ఫ్యాన్ రాట్లేదు మేస్త్రీ అంటే "సార్, డైరెక్ట్ ఇచ్చేస్తా, ఇక టెన్షనే ఉండదు" అని తాళం తిప్పగానే తిరిగేటట్టు వైరు లాగేయటం, లేదంటే స్టీరింగ్ కింద ఒక స్విచ్ పెట్టి చేతికివ్వటం. ఇది రిపేరు కాదండి. ఫ్యాన్‌కి తిరుగు అని చెప్పాల్సినోడు చెప్పట్లేదు, వాడెందుకు చెప్పట్లేదో చూడకుండా వాడి నోరు మూసేసినట్టే. అందుకని ఆ చెప్పేవాడెవడు, ఎప్పుడు చెప్తాడు అనేది ముందు తెలుసుకుందాం, తర్వాత చెకింగ్ తేలిక.

అసలు ఫ్యాన్ అవసరం ఎప్పుడంటే బండి నెమ్మదిగా పోయేటప్పుడూ ఆగినప్పుడూ. మంగళగిరి దాటి కాజా టోల్‌గేట్ వైపు 80లో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌లోంచి (ఇంజన్ నీళ్ళు చల్లార్చే జాలీ) దూసుకుపోయిద్ది, ఫ్యాన్‌తో పనేం లేదు. అదే బండి వారధి మీద లారీల వెనకాల పాక్కుంటా పోతున్నా, రామవరప్పాడు రింగు దగ్గర సిగ్నల్‌కి ఆగినా గాలి లేదు, అప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. కాబట్టి హైవే మీద బాగుండి ఊళ్ళోకి రాగానే హీటెక్కితే అనుమానం ముందు ఫ్యాన్ మీదే పెట్టుకోండి. తిరగేసి, ఊళ్ళో బాగుండి హైవే మీద స్పీడుగా పోతుంటే హీటెక్కిందనుకోండి, అది ఫ్యాన్ కాదు, రేడియేటర్ లోపల పూడుకుపోవటమో వాటర్ బాడీనో (నీళ్ళు తిప్పే పంపు) చూసుకోవాలి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం ఖర్చు మిగిలిద్ది.

ఇంకో కన్ఫ్యూజన్ కూడా ఇక్కడే తీర్చేద్దాం. థర్మోస్టాట్ వాల్వ్ వేరు, ఫ్యాన్ ఆన్ చేసేది వేరు. వాల్వ్‌కి కరెంటుతో సంబంధం లేదు (మామూలు కార్ల సంగతి చెప్తున్నా), లోపల మైనం ఉంటది, కూలెంట్ (ఇంజన్‌ని చల్లార్చే ద్రవం, నీళ్ళు అంటున్నది దీన్నే) 82 నుంచి 88 డిగ్రీల మధ్యకి రాగానే ఆ మైనం కరిగి ఉబ్బి వాల్వ్‌ని తెరుస్తది, అప్పుడు ఇంజన్‌లో వేడి నీళ్ళు రేడియేటర్‌లోకి పోతాయి. అలా పోయినా సరిపోక ఇంకా వేడి పెరిగి 95 అటూ ఇటూ వస్తే అప్పుడు ఫ్యాన్. అంటే ముందు వాల్వ్, తర్వాత ఫ్యాన్, ఇది వరస. మన ఎండలకి వాల్వ్ దేనికండీ అని పీకి పారేసే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు, అలా పీకేస్తే ఇంజన్ వేడెక్కటానికి చాలా టైం పట్టిద్ది, బండిలో ఉండే కంప్యూటర్ (ఈసీయూ అంటారు), ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ కొడతది, మైలేజీ పడిపోయిద్ది. పీకనివ్వకండి.

ఇక ఫ్యాన్‌కి ఆర్డర్ ఇచ్చే పద్ధతులు. పాత కార్బురేటర్ మారుతి 800 లాంటి వాటిలో రేడియేటర్ దగ్గరో నీళ్ళు పోయే దారిలోనో ఒక థర్మో స్విచ్ బిగించి ఉంటది. ఇత్తడి బోల్టులా ఉండి వెనక ఒకటో రెండో పిన్నులుంటాయి. లోపల రెండు రకాల లోహాలు అతికించిన చిన్న రేకు, వేడికి అది వంగి కాంటాక్ట్ కలుపుద్ది, ఫ్యాన్ తిరుగుద్ది, చల్లారితే వెనక్కొచ్చి ఆగిద్ది. అంతే, కంప్యూటరూ లేదు ఏం లేదు. ఉదాహరణకి 92కి ఆన్ అయితే 87కి ఆఫ్ అయిద్ది. ఆ అయిదారు డిగ్రీల తేడా కావాలనే పెడతారు. అదే లేకపోతే 92కి ఆన్, 91 కాగానే ఆఫ్, మళ్ళీ 92కి ఆన్, ఇలా టకటకా కొట్టుకుంటా ఉండి నాలుగు రోజుల్లో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్ డబ్బా) కాంటాక్టులు మాడిపోతాయి. మీ ఫ్యాన్ ఒకసారి వచ్చి కాసేపు తిరిగి ఆగి మళ్ళీ రెండు మూడు నిమిషాలకి వస్తుంటే అది రోగం కాదు, ఆరోగ్యం.

ఇప్పటి కార్లలో ఇంజన్ మీద, సిలిండర్ హెడ్ దగ్గర కూలెంట్ సెన్సర్ ఉంటది. ఇది స్విచ్ కాదు, వేడి పెరిగేకొద్దీ దీని రెసిస్టెన్స్ తగ్గుతా పోయిద్ది, చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు రెండున్నర వేల ఓములు ఉండేది 80 దగ్గరకొచ్చేసరికి మూడొందలకి పడిపోయిద్ది. ఈసీయూ అది చూసి టెంపరేచర్ లెక్కగట్టి రిలేకి ఎర్త్ ఇస్తది, రిలే టక్‌మని పడి బ్యాటరీ నుంచి కరెంటుని మోటార్‌కి వదులుద్ది. చాలా బళ్ళలో రెండు స్పీడులు, ముందు స్లో, ఇంకా పెరిగి 100 దాటితే ఫుల్లు. స్లో కోసం మధ్యలో ఒక రెసిస్టర్ పెడతారు, రెండు ఫ్యాన్లున్న బండిలో అయితే వాటిని సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) కలిపి స్లో, ప్యారలల్‌లో (దేనికదే విడిగా) కలిపి ఫాస్ట్ చేస్తారు. ఇంకా కొత్తవాటిలో రిలే కూడా లేదు, మోటార్ పక్కనే మాడ్యూల్ ఉండి ఎంత స్పీడు కావాలంటే అంత ఇస్తది.

ఇక్కడ చాలామంది మేస్త్రీలు కూడా వదిలేసే పాయింట్ ఒకటుంది, జాగ్రత్తగా చదవండి. థర్మో స్విచ్ రేడియేటర్‌కి బిగించి ఉన్న పాత బండిలో వాల్వ్ మూసుకుపోయి ఇరుక్కుందనుకోండి, వేడి నీళ్ళు రేడియేటర్ దాకా రానే రావు, ఇంజన్ మరిగిపోతంటది కానీ రేడియేటర్ చల్లగా ఉంటది, పాపం స్విచ్‌కి ఆ సంగతే తెలీదు, ఫ్యాన్ రాదు. అందరూ ఫ్యాన్ పోయిందని మోటార్ మారుస్తారు, మార్చినా రాదు. అదే కంప్యూటర్ బండి అయితే సెన్సర్ ఇంజన్ మీదే ఉంది కాబట్టి ఫ్యాన్ మాత్రం గిర్రున తిరుగుతానే ఉంటది, అయినా డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు పైకే పోయిద్ది, రేడియేటర్ కింది పైపు ముట్టుకుంటే చల్లగా తగులుద్ది. రెండూ ఒకటే రోగం, పైకి కనపడేది మాత్రం తలకిందులుగా.

అలా వదిలేసే రెండో పాయింట్, కూలెంట్ తగ్గిపోయిన బండి. సెన్సర్ మొన నీళ్ళలో మునిగి ఉంటేనే అది నిజం చెప్పిద్ది. నీళ్ళు తగ్గి సెన్సర్ దగ్గర గాలి నిలిచిందంటే, లేదా నీళ్ళు మార్చినప్పుడు గాలి సరిగ్గా తీయక ఎయిర్‌లాక్ అయిందంటే, హెడ్ కాలిపోతున్నా సెన్సర్ తక్కువే చూపించొచ్చు, ఫ్యాన్ రాదు, డాష్‌బోర్డులో ఎర్ర లైటూ రాదు. అందుకే ఫ్యాన్ రాట్లేదు అనగానే ముందు స్పానర్ కాదు పట్టాల్సింది, బండి చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ఎంతుందో చూడాలి. రిజర్వ్ డబ్బాలో ఉంది కదా అని వదిలేయకండి, పైపు బీటలిచ్చి డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉన్న బళ్ళు బోలెడు. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు. ఆ మూత సుమారు ఒక బార్ ప్రెషర్ పట్టి ఉంచుద్ది, అందుకే లోపల కూలెంట్ 100 దాటినా మరగదు, మూత తిప్పిన క్షణం ప్రెషర్ పోయి మొత్తం ఒక్కసారి మరిగి మొహం మీదకి చిమ్ముద్ది. తక్కువలో తక్కువ అరగంట ముప్పావుగంట ఆగి, గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. పోసేటప్పుడు బోరు నీళ్ళు పోయకండి, ఉప్పు పేరుకుంటది. కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ కలిపి పోయండి.

ఇక ఏసీ. ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) రేడియేటర్‌కి ముందే ఉంటది, దాన్ని చల్లబరిచేది కూడా ఈ ఫ్యానే. అందుకని ఏసీ వేసి కంప్రెసర్ పడగానే ఇంజన్ చల్లగా ఉన్నా ఫ్యాన్ తిరుగుద్ది, కొన్ని బళ్ళలో గ్యాస్ ప్రెషర్ చూసి తిరుగుద్ది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో, ఏసీ ఫుల్లుగా పెట్టుకుని బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడి ఫ్యాన్ ఆగట్లేదేంటి అంటే ఎందుకాగిద్ది? దీంట్లోనే ఒక మంచి గుర్తు కూడా ఉంది. బండి పోతుంటే ఏసీ చల్లగా వస్తా, సిగ్నల్ దగ్గర ఆగగానే ఉత్త గాలి వస్తుంటే గ్యాస్ పట్టించటానికి పరిగెత్తకండి, ముందు దిగి ఫ్యాన్ తిరుగుతందో లేదో చూడండి. ఫ్యాన్ లేక ప్రెషర్ పెరిగిపోయి కంప్రెసర్‌ని సిస్టమే ఆపేస్తా ఉండొచ్చు. ఇంజన్ హీటెక్కటానికి ముందే వచ్చే వార్నింగ్ ఇది.

చెకింగ్‌కి వద్దాం. మొదటి పని ఏసీ వేసి చూడటం. బండి స్టార్ట్ చేసి ఏసీ ఆన్ చేసి ఫ్యాన్ చూడండి. తిరిగితే మోటార్ బతికే ఉంది, మోటార్ ఫ్యూజు కూడా బాగానే ఉంది, ఇక చూడాల్సింది సెన్సర్ వైపు (ఏసీకి వేరే ఫ్యాన్ ఉన్న బళ్ళలో ఈ లెక్క పనికిరాదు, ఏ ఫ్యాన్ తిరిగిందో చూసుకోండి). తిరక్కపోతే మోటార్ వైపు. ఈ ఒక్క నిమిషం పని చేస్తే ఆటోనగర్‌కి (బండ్ల మేస్త్రీలుండే ఏరియా) వెళ్ళి ఏం చెప్పాలో మీకే తెలిసిపోయిద్ది.

బానెట్ ఎత్తేటప్పుడు ఒక మాట. ఇంజన్ ఆపేసినా కొన్ని బళ్ళలో ఫ్యాన్ దానంతటది తిరుగుద్ది, ఆపిన తర్వాత నీళ్ళ ప్రవాహం ఆగి ఇంజన్‌లో వేడి కాసేపు ఇంకా పెరుగుద్ది కాబట్టి. చున్నీ, కండువా, ఐడీ కార్డు తాడు, చేతి వేళ్ళు దూరం పెట్టండి. తాళం జేబులో ఉంటే సేఫ్ అనుకోవద్దు.

మోటార్ వైపు అయితే ముందు ఫ్యూజు. ఇది చిన్న ఫ్యూజు కాదు, 30 40 ఆంపియర్ల పెద్దది, బ్యాటరీ పక్క పెట్టెలో ఉంటది. పోయిన ఫ్యూజు మార్చగానే మళ్ళీ పోయిందంటే మోటార్ బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతంది, ఫ్యూజు తప్పేం లేదు, పెద్ద ఫ్యూజు వేసి కాల్చుకోవద్దు. ఫ్యూజు బాగుంటే రిలే. అదే పెట్టెలో హారన్‌దో ఇంకోటో అదే నంబరు, అదే పిన్నులున్న రిలే ఉంటది, దాన్ని తీసి ఇందులో పెట్టి చూడండి, పైసా ఖర్చు లేదు. ఏసీ వేసినప్పుడు రిలే మీద వేలు పెడితే టక్‌మని తెలుస్తది. టక్‌మంది కానీ ఫ్యాన్ లేదంటే మోటార్ కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) పీకి చూడండి, బాగా వాడిన బళ్ళలో ఆ కప్లర్ ప్లాస్టిక్ ఒక పిన్ను చుట్టూ గోధుమరంగుకి మాడి ఉంటది, పిన్ను మీద పచ్చగా చిలుము పట్టి ఉంటది, వాసన చూసినా తెలిసిపోయిద్ది. మోటార్ బాగానే ఉండి ఈ కప్లర్ వల్ల ఆగిన ఫ్యాన్లు చాలా ఉంటాయి. కప్లర్ మార్చుకుంటే చాలు.

కప్లర్ దగ్గర టెస్ట్ లాంప్ పెట్టండి. ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ల దగ్గర చూసే ఉంటారు, ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికించి వాడతారు, మల్టీమీటర్ కన్నా ఈ పనికి అదే మంచిది, ఎందుకంటే తుప్పుపట్టిన వైరులో కూడా మీటరు 12 వోల్టులు చూపించేస్తది, బల్బు మాత్రం మసగ్గా వెలిగి అసలు సంగతి చెప్పేస్తది. బల్బు బాగా వెలిగి ఫ్యాన్ తిరక్కపోతే మోటార్ పోయినట్టే. ఖాయం చేసుకోవాలంటే బ్యాటరీ నుంచి మోటార్‌కి ఫ్యూజు పెట్టిన వైరుతో నేరుగా కరెంటు ఇచ్చి చూడండి. పుల్లతో చిన్నగా తోస్తే తిరిగిందంటే బ్రష్‌లు అరిగాయి, ఈసారికి తిరిగినా నమ్మకండి.

సెన్సర్ వైపు అయితే, పాత బండిలో థర్మో స్విచ్ వైర్లు రెండూ పీకి ఒకదానికొకటి కలపండి (వైరు ఒక్కటే ఉంటే దాన్ని బాడీ ఎర్త్‌కి తగిలించండి), తాళం ఆన్‌లో ఉంచి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ మీద అనుమానం, వాల్వ్ కూడా చూసుకున్నాకే స్విచ్ మార్చండి. ఇంట్లో తేల్చుకోవాలంటే స్విచ్ పీకి పాత గిన్నెలో నీళ్ళు పెట్టి కాచండి, మీటరు బీప్ మోడ్‌లో దాని పిన్నులకి పెట్టి ఉంచండి, నీళ్ళు మరిగేలోపు బీప్ రావాలి, మరిగాక కూడా రాకపోతే పోయింది. ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి పోనివ్వకండి, కూలెంట్ విషం, తియ్యగా ఉంటది కాబట్టి వీధి కుక్కలు కూడా నాకుతాయి, కింద పడితే కడిగేయండి.

కంప్యూటర్ బండిలో అయితే సెన్సర్ కప్లర్ పీకేసి ఇంజన్ స్టార్ట్ చేయండి. చాలా కార్లలో ఈసీయూ సెన్సర్ కనపడట్లేదే అని భయపడి ఫ్యాన్ ఫుల్లుగా తిప్పి, చెక్ ఇంజన్ లైటు వేస్తది. అలా తిరిగితే ఈసీయూ, రిలే, మోటార్, వైర్లు అన్నీ బాగున్నట్టే, సెన్సరో కూలెంటో చూసుకోవాలి. తర్వాత ఆ లైటు స్కానర్‌తో ఆర్పించుకోవాలి.

స్కానర్ అంటే గుర్తొచ్చింది, ఇప్పుడు బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ అంకెలు ఫోన్‌లో చూపించే చిన్న ప్లగ్గు) చవగ్గా దొరుకుతంది, ఒకటి కొనుక్కోండి. కొత్త కార్లలో టెంపరేచర్ ముల్లే ఉండట్లేదు, నీలం లైటు, ఎర్ర లైటు అంతే, ముల్లున్నా చాలా బళ్ళలో 80 ఉన్నా 100 ఉన్నా మధ్యలోనే నిలబెట్టేస్తారు జనం కంగారుపడకుండా. డాంగిల్ పెట్టి ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ పెట్టుకుని, ఏసీ ఆపేసి, బండి ఐడిల్‌లో వదిలేయండి. 85, 90, 95 అలా పెరిగి ఎక్కడ ఫ్యాన్ వచ్చిందో, ఎక్కడ ఆగిందో రాసుకోండి. బండి బాగున్న రోజే రాసుకుంటే రేపు తేడా వచ్చినప్పుడు మేస్త్రీతో వాదించే పనుండదు. 100 దాటాక పెద్ద సౌండుతో ఒకేసారి ఫుల్ స్పీడులో వస్తా, స్లోలో అసలు రాకపోతే స్లో స్పీడు రెసిస్టర్ కాలి ఉండొచ్చు. ఫ్యాన్ తిరుగుతా ఉండగానే అంకె పైకి పోతంటే ఇక ఫ్యాన్‌ని వదిలేసి వేరే చోట చూడాలి.

ఆగని ఫ్యాన్ సంగతి. తాళం తీసేసి పావుగంటైనా తిరుగుతానే ఉంటే రిలే పీకండి. ఆగిందా, రిలే కాంటాక్టులు అతుక్కుపోయి ఉండొచ్చు, కొత్తది వేసి చూడండి. కొత్తదానికి కూడా ఆగకపోతే సెన్సర్ వైరింగో ఈసీయూనో. రాత్రంతా వదిలేస్తే బ్యాటరీ దిగిపోయి పొద్దున సెల్ఫ్ ఎత్తదు.

డైరెక్ట్ గురించి మళ్ళీ. గుంటూరు నుంచి వస్తా దారిలో ఫ్యాన్ ఆగింది, ఇంట్లో పిల్లలున్నారు, అప్పటికి వైరు లాగి ఇంటికొచ్చేయటం తప్పుకాదు. కానీ మోటార్ లాగే కరెంటు 10 నుంచి 20 ఆంపియర్లు, దాన్ని రిలే లేకుండా సన్న వైరుతో స్టీరింగ్ కింది స్విచ్‌లోంచి తీసుకొస్తే అది కాలటానికి రెడీగా పెట్టుకున్నట్టు. పైగా స్విచ్ వేయటం ఒకరోజు మర్చిపోతారు, ఇంట్లో వేరేవాళ్ళు తీసుకెళ్తే వాళ్ళకి తెలీదు.

దారిలో ముల్లు పైకి లేస్తే ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెట్టి బ్లోయర్ వేయండి, ఎండాకాలంలో నరకమే కానీ అది కూడా చిన్న రేడియేటరే, వేడి లాగుద్ది. అలాగే పక్కకి తీసి ఆపండి. ఆవిరి వచ్చినా, ఎర్ర లైటు వెలిగినా ఇక నడపొద్దు, ఇంజన్ ఆపేయండి. కాలిన ఇంజన్ మీద బిస్లరీ బాటిల్ గుమ్మరించటం వద్దు, హెడ్ పగులుద్ది.

బొలెరో లాంటి బళ్ళున్నోళ్ళకి పై వైర్ల గొడవంతా లేదు. వాటికి బెల్టుతో తిరిగే విస్కస్ ఫ్యాన్, మధ్యలో సిలికాన్ ఆయిల్ ఉన్న క్లచ్, ముందు చుట్టలాంటి స్ప్రింగు రేకు. రేడియేటర్ నుంచి వేడి గాలి తగిలితే ఆ రేకు తిరిగి ఆయిల్ వదులుద్ది, ఫ్యాన్ గట్టిగా పట్టుకుంటది, చల్లగా ఉంటే జారుతా ఊరికే తిరుగుద్ది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక నిమిషం లారీలా అరిస్తే భయపడొద్దు, ఆయిల్ సర్దుకుంటంది. చెక్ చేయాలంటే బాగా వేడెక్కాక ఇంజన్ ఆపి చేత్తో తిప్పండి, బరువుగా ఉండాలి. ఒక్క తోపుకి గిరగిరా నాలుగైదు చుట్లు తిరిగిందా, లేదా మధ్య బుడిపె చుట్టూ నూనె మరక కనపడుతందా, క్లచ్ అయిపోయింది. కొంతమంది దాన్ని బోల్టులేసి లాక్ చేయించేస్తారు, అప్పుడు ఎప్పుడూ ఫుల్లుగానే తిరుగుద్ది, డీజిల్ ఎక్కువ తాగుద్ది, గోల కూడా.

మోటార్ మార్చాక డబ్బులిచ్చేముందు ఒక న్యూస్‌పేపర్ ముక్క తీసుకుని ఫ్యాన్ తిరుగుతుండగా గ్రిల్ ముందు పెట్టండి. పేపర్ లోపలికి అతుక్కుంటే సరే. బయటికి ఎగిరిపోతే వైర్లు రెండూ తారుమారు చేసి కలిపారు, ఫ్యాన్ వెనక్కి తిరుగుతంది. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవర్ కూడా తిరిగి బిగించారో లేదో అప్పుడే వంగి చూసుకోండి, పని ఈజీ అని దాన్ని పక్కన పడేసి పంపించేస్తుంటారు, అది లేకపోతే ఫ్యాన్ తిరిగినా గాలి రేడియేటర్ మొత్తం నుంచి లాగదు.